నీళ్ళ వంతు

ఆదివారం ఉదయం. అరసవల్లి గుడి ముందు భారతి కొబ్బరికాయల దుకాణం. పొలం నుంచి బావ జగన్నాధం ఫోను.

“సెప్పను బావా. ఈసారి సెప్పను.”

“ఒక్క మాట భారతీ. మీ అక్కుంటే ఏటనీది?”

“అక్క లేదు. పోయి పది నెలలైనాది. నువ్వేమో ఎవులేటడిగినా నాకు ఫోను సేస్తావు. అమ్మా, ఆ బుట్టలోవి తీసుకోండి, ముదురుకాయలు. ఆఁ, సెప్పు.”

“కాలవ నీళ్ళు నా వంతు మద్దేన్నం దాకే. మళ్ళీ ఎనిమిది రోజులకి గాని రాదు. దాలయ్య వరి ఆకుమడిలో నారు ఎండిపోతన్నాది. నా వంతు ఇమ్మని అడిగినాడు.”

“ఏ దాలయ్య? ఆటో దాలయ్యేనా?”

“ఆడే.”

“అక్కకి ఆయాసం వచ్చిన రోజు, ఆస్పత్రికి ఆటో తియ్యరా అంటే డీజిల్ లేదన్నోడేనా?”

“ఆడే అంటన్నాను కదా.”

“మరింకేటి అడుగుతన్నావు? ఎండిపోనీ!”

“అది నీ మాట. నేనడిగింది మీ అక్క మాట.”

“పోనీ సగం ఆడికియ్యి, సగం నువ్వుంచుకో.”

“ఇంత సన్న ధార సగం సగం ఎక్కడ పారతాది? ఇస్తే మొత్తం ఇవ్వాల. నా మడిలో నారు ఇంకా పచ్చగానే ఉన్నాది గాని, ఎనిమిది రోజులు ఆగుతాదో లేదో.”

“బియ్యే సదివినావు. ఏది మంచో ఏది సెడ్డో నీకు తెలీదేటి?”

“ముప్పై ఏళ్ళు మీ అక్క సెప్పీది, నేను సేసీవోడిని. ఊళ్ళో నన్ను మంచోడన్నారు. ఆ మంచి నాదో, దానిదో.”

“ఓలమ్మా! ఇక్కడ జనం కాయలు పట్టుకొని నిలబడ్డారు, నువ్వేమో... ఆ సప్పుడేటి?”

“నీళ్ళు.”

“ఏ నీళ్ళు?”

“కాలవ గట్టు మీదే ఉన్నాను కదా.”

“సరే, విను. మొన్న, అక్క మంచం మీ పక్కింటి లక్ష్మణమ్మకి ఇచ్చీయ్, అక్కైతే ఇచ్చీసీది అన్నాను సూడు. అది అక్క మాట కాదు. నేనే కల్పించినాను.”

“తెలుసు.”

“తెలుసా!”

“మీ అక్క అంత బేగి ఒప్పుకోదు. ముందు ఓ పావుగంట తిట్టీది. ఆనక ఇమ్మనీది.”

“తెలిసీ ఇచ్చీసినావా?”

“ఇచ్చీసినాను. లక్ష్మణమ్మ నడుం పట్టేసి నేల మీద పడుకుంటంది మరి.”

“అయితే నన్నెందుకు సంపుతన్నావు బావా? ఆడికి నీళ్ళిమ్మని నా నోటితో అనలేను. ఇవ్వొద్దని అక్క పేరు పెట్టి అంటే అబద్ధమవుతాది. నన్నేటి సెయ్యమంటావు?”

“కోప్పడకు.”

“కోపం రాదేటి? అక్కడెవులు మాటాడతన్నారు?”

“దాలయ్య. టీ తెచ్చినాడు. నా మొహం సూడలేక గ్లాసు గట్టు మీద పెట్టి ఎల్లిపోతన్నాడు.”

“నువ్వింకా ఇవ్వకుండానే టీ తెచ్చినాడా?”

“పంచదార కూడా తక్కువే ఏసినాడు. నాకు సుగరని గుర్తున్నాది ఆడికి.”

“బావా. ఆ నీళ్ళు ఎవుల మడికి పారతన్నాయి?”

“టీ సల్లారిపోతాది. తాగనియ్యి.”

“బావా!”

“తెల్లారే తిప్పీసినాను. ఆడి మడికే.”

“మరి ఇంతసేపూ నన్నేటి అడుగుతన్నావు?”

“ఇంట్లో తిట్టడానికి ఎవులూ లేరు భారతీ. ఓ పావుగంట నువ్వు తిట్టు.”