పాదులో మట్టి

శేరిలింగంపల్లిలో ఒకప్పటి ద్రాక్షతోటలో కట్టిన అపార్ట్‌మెంట్లు. లాన్ మధ్యలో మిగిలిన ఒకే ఒక్క తీగ దగ్గర ఆ తోట ఆసామి వీరేశం, మూడో అంతస్తు కిరణ్మయి.

"నీళ్లు తక్కువైనయేమో అని ఇంకో రెండు బిందెలు పోసిన బిడ్డా."

"అయ్యో, పొయ్యకండి బాబాయ్ గారూ! మట్టి తడిగానే ఉంది, ఆకులేమో వడిలిపోయాయి. అంటే వేరు నీళ్లు తాగట్లేదు. ఆ చాకు ఇలా ఇవ్వండి."

"మొదలు కాడ గీకుతున్నవేంది? జర పైలం."

"ఇదిగో, బెరడు కింద చూడండి."

"ఏంది గిది, పాల మీగడ లెక్క?"

"బూజండి. వేరుకుళ్లు. వాసన చూడండి."

"పుట్టగొడుగుల వాసనొస్తున్నది."

"ఆకులు చిన్నవవడం ఎప్పుడు మొదలైంది?"

"మా మనుమరాలు రోహిణి పెండ్లికి ముందటి సంది. ముసలిదైంది తీ అనుకున్న. నీ ఫోన్ మోగుతున్నది, ఎత్తరాదు?"

"నాన్నగారు. తర్వాత మాట్లాడతాలెండి. ఈ లాన్ నీళ్లు ఎప్పుడూ ఇలా మొదట్లోనే నిలుస్తాయా?"

"ఆపుమని అసోసియేషన్ల మొత్తుకున్న. గడ్డి ఎండితె ఫ్లాట్ల రేటు పడిపోతదట! సరే, మందు చెప్పు. నువ్వు అగ్రికల్చర్ చదివినవు గదా."

"చదివి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్నానండి."

"చేస్తే? చదువు యాడికి పోతది? బోర్డో పేస్టు పూద్దామా? వేర్లకు ట్రైకోడెర్మా మందు పోద్దామా?"

"మొదట్లోనే వేసుంటే కొంత ఆగేదేమో. ఇప్పుడు మొదలంతా చుట్టేసింది. వేళ్లతో సహా తవ్వి కాల్చేయాలి."

"కాల్చుడా?"

"ఈ గుంటలో మళ్లీ ద్రాక్ష వేయకూడదు కూడా."

"గట్లనకు. తోటంత కొట్టనిచ్చిన, గిదొక్కటి ఉండాలెనని బిల్డర్ కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. మా ఇంటామె బుచ్చమ్మ నాటింది బిడ్డా. ఆమె పోయినంక దీని కిందనే కూసుంటున్న. ఏమన్న చెయ్యి. ఏదన్న చెయ్యి."

"మొదలే కుళ్లాక ఏ మందూ పనిచెయ్యదండి."

"మల్ల ఫోన్."

"మోగనివ్వండి."

"సరే, ఇగ పోనీ. తల్లి పోతె పిల్లలున్నరు. పెండ్లిల రిటర్న్ గిఫ్ట్ అందరు స్టీలు డబ్బాలిస్తరు. నేను రోహిణి పెండ్లికి గీ తీగ కొమ్మలు ఇక్కడనే మట్టిల తొక్కిపెట్టి, వేర్లొచ్చినంక కుండీలల్ల పెట్టి ఇచ్చిన. ఒక్కటి అడుక్కొస్త, ఇంకో జాగల పెడ్త."

"కుండీల్లోకి... మట్టి ఎక్కడిది?"

"ఇంకెక్కడిది? గీ పాదులదే. పుట్టింటి మట్టి ఇంత లేకుంటె కొత్త జాగల పిల్ల నిలవడతదా?"

"అన్ని కుండీల్లోనూ ఈ మట్టేనా?"

"ఏమైంది? ముఖం గట్ల పెట్టినవేంది?"

"ఏం లేదు. ఏం లేదండి."

"నీకు గూడ ఒకటిచ్చిన గదా! యాడున్నది?"

"నాన్నగారు తీసుకెళ్లారు. రిటైరయ్యాక శంకరపల్లి దగ్గర ద్రాక్షతోట వేశారు కదా, అందులో నాటారు. వీరేశం గారి చేతి మొక్క అని మొదటి వరసలో."

"మంచిగ చేసిండు! ఎట్లున్నదో అడుగు మల్ల. ఎత్తు, గా ఫోన్ ఎత్తు."

"ఎత్తి ఏం చెప్పనండి? అది ఎండిపోయింది. పక్కనున్న తీగలు కూడా వడిలిపోతున్నాయట. ద్రాక్ష సంగతి వీరేశం గారికి తెలియంది లేదు, మందేంటో అడిగి చెప్పమ్మా అని పొద్దుటి నుంచి ఒకటే ఫోన్లు."