దఖ్మాలో మా నాన్న

లోపలికి రండి సేటుగారూ. గుమ్మంలోనే ఆగిపోయారేం? శవాలు మోసేవాడి ఇల్లని అంటు భయమా? నిన్ననే ఆబోతు పంచితం రాసుకుని మరీ తలారా స్నానం చేశాను. మీ స్నానం కన్నా నాదే గట్టిది!

ఆ కేకు డబ్బా చేతికివ్వకండి, కింద పెట్టండి. నా వేళ్ళు తగిలితే మీ ఆవిడ మిమ్మల్ని ఇంట్లోకి రానిస్తుందా? మొన్న మీ అమ్మాయి లగ్నంలో నన్నూ, నాతో శవాలు మోసే పేసీనీ ఎక్కడ కూచోబెట్టారు? చేతులు కడిగే తొట్టి పక్కన, విడిగా. అరిటాకులో చేప అందరూ తిన్నాకే వచ్చింది. అయినా చేప బావుంది లెండి.

ఏమిటీ? రేపు మీటింగులో నేను మాట్లాడాలా? దఖ్మాలో అంతా సవ్యంగా ఉందని, నాలుగు రోజుల్లో శవం ఎముకలైపోతోందని? ట్రస్టీ మీరు, మీరే చెప్పచ్చుగా! ఓహో, లోపలికెళ్ళేది మేమే కదూ. మీరంతా మెట్ల దగ్గరే దణ్ణం పెట్టి, ఇంటికెళ్ళి టీ తాగుతారు.

రాబందులు తినాలనే కదా మన పార్సీలు శవాల్ని దఖ్మాలో పెట్టేది? పైకప్పు లేని ఆ గుండ్రటి గోడల మధ్యకి అవి రావడం మానేసి ఎన్నేళ్ళైంది? ఎండని శవం మీదికి మళ్ళిస్తాయని అద్దాలు పెట్టించారు. బావుంది. సూరత్ వానల్లో ఎండని ఎక్కణ్ణించి తెప్పిస్తారు? దానికీ ఓ కమిటీ వేస్తారా?

మా నాన్న కైకోబాద్ గుర్తున్నాడా? నలభై ఏళ్ళు మీ పెద్దలందర్నీ మోశాడు. మీ తాతగార్ని కూడా. పోయిన వానల్లో పోయాడు. ఆనవాయితీగా కుక్కని తెచ్చి దానికి శవాన్ని చూపించాం, ప్రార్థనలు చదివించాం. నేనూ పేసీ తెల్లగుడ్డ చెరో కొసా పట్టుకుని మోసుకెళ్ళాం. ఒక్క తంతూ తప్పలేదు. నాలుగోరోజు ఆత్మ పైలోకపు వంతెన దాటిందని పూజారి దస్తూర్‌గారంటే నమ్మి ఏడ్చాను కూడా.

పదిహేడో రోజున ఇంకో శవాన్ని తీసుకుని లోపలికెళ్ళాం.

నాన్న అక్కడే ఉన్నాడు. ఉబ్బిపోయాడు, నల్లబడ్డాడు, కానీ నాన్నే. ఆ తెల్ల మీసం సేటుగారూ, మీసం అలాగే ఉంది! అద్దాల మీంచి నీళ్ళు కారుతున్నాయి. "అటు చూడకు ఫలీ, నడు" అన్నాడు పేసీ. ఎలా నడుస్తాను?

మీరైతే ఏం చేసేవాళ్ళు? మీటింగు పెట్టేవాళ్ళు.

నేనేం చేశానో చెప్పనా? కూచోండి. కూచోరా? సరే, నిలబడే వినండి. మర్నాడు పొద్దున వాన తెరిపివ్వగానే వెళ్ళి, నాన్నని గుడ్డలో చుట్టి బయటికి తెచ్చాను. అవును, బయటికే! లోపలికెళ్ళిన శవం మళ్ళీ బయటికి రాకూడదని నాకు మీరు చెప్పాలా? మన శవాల బండిలోనే కరెంటు శ్మశానానికి పట్టుకెళ్ళాను. చావు కాగితం నా దగ్గరే ఉంది. అక్కడి గుమాస్తా మీది ఏ మతమని కూడా అడగలేదు.

నిప్పు సేటుగారూ! మనం గంధపు చెక్క ఇచ్చి మొక్కే నిప్పు. శవం నీడ కూడా పడకూడదనే నిప్పు. దాని నోట్లో మా నాన్నని పెట్టాను. ఇనప తలుపు మూసుకుంటుంటే నడుముకున్న పవిత్రమైన కస్తీ తాడు విప్పి, మళ్ళీ ముడేసుకుని, ప్రార్థన చదివాను. ఎవరికి చదివానో నాకే తెలీదు.

అలా చూడకండి. ఉద్యోగం పీకేస్తారా? పీకెయ్యండి. మీ అమ్మగారికి తొంభై రెండు కదూ? మోయడానికి మీ కొడుకులిద్దరూ వస్తారేమో, ఇవాళే అడిగి పెట్టుకోండి.