రెండు తెరల ముందు ఏసురత్నం గారు

1990 నవంబరు పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీ ఏసురత్నం గారు అలంపూర్‌లోని మన శాఖ కార్యాలయంలో తెలుగు టైపిస్టుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఇటిక్యాల మండలంలో కూలి పనులతో జీవనం సాగించిన కుటుంబంలో జన్మించి, ఆ ఇంట తొలిసారిగా ప్రభుత్వ కొలువును అలంకరించిన వారు ఆయనే. చేరిన వారంలోనే టైపు యంత్రం మొరాయిస్తే, బాగుచేసేవాడి కోసం ఎదురుచూడక తామే మూత విప్పి కూర్చున్నారట. పని నేర్చుకోవడం కన్నా, ఆ పని ఎట్లా జరుగుతున్నదో తెలుసుకోవడం వారికి మొదటినుంచీ ఎక్కువ ఇష్టం.

అనంతరం గద్వాలలో జూనియర్ అసిస్టెంటుగా, నాగర్‌కర్నూలులో సీనియర్ అసిస్టెంటుగా ప్రశంసనీయమైన సేవలందించారు. 2009 వరదల్లో అలంపూర్ దస్తావేజులు నీట నానినప్పుడు, పాత ఊరి మీది మమకారంతో తామే అడిగి వెళ్లి, పుటకూ పుటకూ మధ్య వార్తాపత్రికలు పరచి ఇరవై రెండు రోజులు వాటిని ఆరబెట్టారు. 2017లో పదోన్నతిపై వనపర్తికి వచ్చి, జనన మరణ నమోదు విభాగానికి సూపరింటెండెంటు అయ్యారు.

పాత రిజిస్టర్ల పుటలను ఫొటోలుగా తీసి, అందులోని వివరాలను కంప్యూటరులో ఎక్కించే పని అక్కడ జరుగుతున్నది. సిబ్బంది తక్కువ కావడంతో, అధికారి హోదాను పక్కనబెట్టి ఏసురత్నం గారు కూడా తమ వంతు పుటలు తీసుకున్నారు. తెర ఒక్కటే. పుట తెరిచి పేరు చదవాలి, దాన్ని మూసి పట్టికలో టైపు చేయాలి, మళ్లీ పుట తెరిచి ఎక్కడ ఆగామో వెతుక్కోవాలి.

2022 వేసవిలో పాన్‌గల్ వైపు నుంచి జంగమ్మ అనే వృద్ధురాలు ఆ కార్యాలయానికి వచ్చింది. భర్త వెంకట్రాములు పేర ఉన్న ఎకరన్నర చేను వారసత్వంగా తన పేరుకు మారే విరాసత్ కావాలంటే, అతని మరణ ధ్రువపత్రం కావాలి. కంప్యూటరులో వెంకట్రాములు, తండ్రి బాలయ్య అని ఒకరున్నారు. ఈమె భర్త తండ్రి పేరు నాగయ్య. సంవత్సరం అడిగితే "కరువొచ్చిన ఏడు" అన్నదే తప్ప, తేదీ చెప్పలేకపోయింది. మూడోసారి కూడా లేదన్న జవాబే విని ఆమె అన్నది:

"నా పెనిమిటి సచ్చిపోయిండని నాకు తెల్సు, ఊరందరికి తెల్సు. మీ డబ్బాకే తెల్వదు సార్."

ఆ మాట ఏసురత్నం గారి మనసులో నాటుకున్నది. ఆ వారంలోనే సతీమణి ఎస్తేరమ్మ గారికి కంటి పరీక్ష చేయించడానికి కర్నూలు వెళ్లారు. వైద్యురాలి బల్లమీద రెండు తెరలున్నాయి.

"ఏమనుకోకమ్మా, కంప్యూటర్ ఒక్కటే గద. గీ రెంటిల రెండు తీర్ల బొమ్మలు ఎట్లొస్తున్నయ్?" అని అడిగారు.

"ఒకదాంట్లో కన్ను చూస్తానండీ, రెండోదాంట్లో చీటీ రాస్తాను," అన్నదామె.

"నా కన్ను సూపియ్యనీకొచ్చినమా, ఆమె టీవీలు సూడనీకొచ్చినమా?" అని ఎస్తేరమ్మ గారు కసిరినా, వారు బల్ల వెనక్కు వంగి తీగలు చూసిన తరువాతే బయటకు వచ్చారు.

మరునాడు కార్యాలయం గోదాములో దుమ్ము పట్టిన పాత మానిటరు బయటపడింది. కంప్యూటరు వెనుక ఖాళీగా ఉన్న రంధ్రం ఆకారాన్ని కాగితంపై గీసుకొని, అంగడికి తీసుకెళ్లి, సరిపోయే కేబుల్ తెచ్చారు. బిగిస్తే తెర వెలిగింది గానీ, రెండింటిలోనూ ఒకే బొమ్మ.

"ఒక్క పెండ్లికొడుకునే రెండద్దాలల్ల చూసినట్లున్నది సార్," అని నవ్వింది అసిస్టెంటు పద్మజ.

"ఆగు బిడ్డా, ఏడనో ఒక కిటుకు ఉంటది."

కీబోర్డులో విండోస్ మీట, పి మీట కలిపి నొక్కితే నాలుగు దారులు కనిపించాయి. ఒకటి నొక్కగానే మొదటి తెర చీకటైపోయింది. పద్మజ పరేషానై "సార్, ఖరాబైందా?" అన్నది. వారు జంకక తెరను విస్తరించే దారిని ఎంచుకున్నారు. పట్టిక ఒక తెరపై నిలిచింది, పుట రెండోదానిపైకి జరిగింది. అయితే రెండో తెర బల్లమీద ఎడమన ఉంటే, బాణం గుర్తు కుడి అంచు దాటితేనే అందులోకి పోతున్నది! అదెందుకో తేలేదాకా వారు భోజనానికి లేవలేదు. ఏ తెర ఎటున్నదో కంప్యూటరుకు మనమే చెప్పాలని గ్రహించి, సెట్టింగులలో రెండో తెర గడిని ఎడమకు జరిపినాకనే టిఫిన్ డబ్బా తెరిచారు.

ఆ సాయంత్రం నుంచే జంగమ్మ గారి ఊరి పుటలన్నింటినీ పట్టికతో వరుస వరుసగా పోల్చసాగారు. మూడవ రోజు ఒక పుటలో ఒకరి కింద ఒకరు ఇద్దరు వెంకట్రాములు కనిపించారు: ఒకరు బాలయ్య కుమారుడు, ఒకరు నాగయ్య కుమారుడు. పట్టికలో మాత్రం ఒక్కరే ఉన్నారు. పుట మూసి తెరిచే సందులో, ఈ పేరు ఎక్కించేశామనుకొని కన్ను ఒక వరుస దాటిపోయింది. ఆ పుటను ఎక్కించినది మరెవరో కాదు, స్వయంగా ఏసురత్నం గారే.

ఆ సంగతి ఎవరికీ తెలియకుండా సరిదిద్దడం కష్టమేమీ కాదు. వారు అట్లా చేయలేదు. జరిగినది పై అధికారికి రాతపూర్వకంగా నివేదించి, సవరణకు అనుమతి పొంది, జంగమ్మను పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, తాము నిలబడి చెప్పారు:

"తప్పు నాదేనమ్మా. నీ పెనిమిటి పేరు నేనే ఇడిసిపెట్టిన. నిన్ను మూడుసార్లు తిప్పిన."

ఆమె ఆ పుటను చాలాసేపు చూసింది. చదువు రాదు కనుక "ఏది సార్ ఆయన పేరు?" అని అడిగి, వారు చూపిన అక్షరాలను వేలితో తాకింది. "ఉన్నడు," అన్నది. రెండు నెలలకు చేను ఆమె పేరుకు మారింది.

అటుపై తాము ఎక్కించిన పుటలన్నీ తిరగదోడి, జారిపోయిన మరో పదకొండు పేర్లను ఏసురత్నం గారు వెలికితీశారు. నేడు ఆ విభాగంలో ప్రతి బల్లమీదా రెండు తెరలున్నాయి.

ముప్పై అయిదేళ్లకు పైబడిన సేవానంతరం, 2026 మార్చి ముప్పై ఒకటవ తేదీన పదవీ విరమణ చేస్తున్న శ్రీ ఏసురత్నం గారికి, ఆ సేవకు అండగా నిలిచిన శ్రీమతి ఎస్తేరమ్మ గారికి సహోద్యోగులందరి పక్షాన హృదయపూర్వక అభినందనలు. చూపు తగ్గక, మోకాళ్లు నొవ్వక, కంటినిండా నిద్రతో వారు సుఖంగా ఉండాలి. ఈ లోకాన్ని వారు అడగవలసిన ప్రశ్నలు ఇంకా ఎన్నో మిగిలి ఉన్నాయి. అవన్నీ తీరిగ్గా అడిగి, జవాబులు తెలుసుకునేంత నిండు ఆయుష్షు వారికి కలగాలని కోరుకుంటున్నాము.