దిగేటప్పుడు కార్డు తాకించని వాళ్ళు

సభకు అధ్యక్షత వహిస్తున్న ఉపమేయర్ గారికి, నగరసభ రవాణా సంఘం అధ్యక్షులు గూక్ సంగ్మో గారికి, బస్సు కంపెనీల పెద్దలకు, డ్రైవర్ల సంఘం వారికి, మా విభాగంలోని అన్నలకు, అక్కలకు, వెనక తలుపు దగ్గర తడిసిన గొడుగులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిన వారికి, అందరికన్నా ముందుగా ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా విభాగాధిపతి తాక్ యోన్‌హీ గారికి తల వంచి నమస్కరిస్తున్నాను.

ఇక్కడ మాట్లాడవలసింది నేను కాదు. మా విభాగంలో నాకంటే పెద్దవాళ్ళు, నాకంటే బాగా మాట్లాడేవాళ్ళు ఉన్నారు. నన్ను మాట్లాడించమని అడిగింది తాక్ గారే. కారణం అడిగితే, "మిగతావాళ్ళు నన్ను పొగుడుతారు. నీకు సిగ్గెక్కువ కాబట్టి జరిగింది చెప్పి కూర్చుంటావు" అన్నారు. (నవ్వులు) నేను చదివిన బడిలో సిస్టర్లు మాకు మెల్లగా మాట్లాడటం నేర్పారు. చివరి వరుసకు వినిపించేలా మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. వినపడకపోతే దయచేసి చెయ్యెత్తండి.

మా విభాగం ఎలాంటిదో ఈ హాల్లో ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు. రెండు మూడేళ్ళకోసారి నగర కార్యాలయంలో అందరి కుర్చీలూ మారతాయి. పార్కులకు వేస్తే ఇంట్లో సంతోషిస్తారు. సాంస్కృతిక విభాగానికి వేస్తే స్నేహితులు విందు అడుగుతారు. బస్సులకు వేశారని చెబితే మా అమ్మ నన్ను, "ఏం తప్పు చేశావే?" అని అడిగింది. (నవ్వులు) తలుపు తీయగానే ఫోన్ మోగుతుంది. బస్‌స్టాప్ కావాలి, కానీ మా కొట్టు ముందు వద్దు. బస్సు తొందరగా రావాలి, కానీ మా వీధిలో మాత్రం నెమ్మదిగా పోవాలి. అందరూ తప్పించుకునే ఆ కుర్చీలో తాక్ గారు ప్రతిసారీ అడిగి మరీ ఉండిపోయారు. ఎందుకని ఒకసారి అడిగాను. "తిట్టేవాళ్ళంటే నాకిష్టం. బస్సు వస్తుందని ఇంకా నమ్ముతున్నారు కాబట్టే తిడుతున్నారు. నమ్మకం పోయినవాళ్ళు ఫోన్ చెయ్యరు, కారు కొనుక్కుంటారు" అన్నారు.

కారు కొనలేనివాళ్ళ సంగతి ఆ రోజు ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. తరువాత చూశాను. ఇప్పుడు చెప్పబోయేది అదే.

మన నగరంలో బస్సులు కంపెనీలవి, దారులు కంపెనీలవి, నష్టం మాత్రం నగరానిది. ఇది తాక్ గారు నగరసభలో అన్న మాట, నాది కాదు. ముందు వరుసలోని పెద్దలు నన్ను అలా చూడనక్కర్లేదు. (నవ్వులు) ఇలా సాగుతుండగానే నగరం పెరిగింది. నది అవతల వరిమళ్ళున్న చోట కొత్త పట్టణం లేచింది. అక్కడ ఇల్లు కొన్న ప్రతివారూ ఇంటి ధరతో పాటు రవాణా సుంకం కూడా కట్టారు, కాబట్టి బస్సు అడిగే హక్కు వాళ్ళకుంది, అడిగారు కూడా, ప్రతి బ్లాకు మీది నుంచీ బ్యానర్లు వేలాడదీసి. సుంకం మన ఖజానాకు చేరడానికి ఏళ్ళు పడుతుంది, బస్సు ఈ ఏడే కావాలి. చివరకు పాత దారుల్లో ఎక్కడో కోసి కొత్త దారికి అతకాలని నిర్ణయం జరిగింది.

ఎక్కడ కోయాలో చూడటానికి మా విభాగంలోని నామ్‌గుంగ్ అన్న కార్డుల లెక్కలతో ఒక పటం వేశారు. జనం ఎక్కిన చోటు, దిగిన చోటు రంగుల్లో తెలుస్తుంది. చాలా అందమైన పటం. సోల్మే కొండవాడకు పోయే బస్సు దారి మార్కెట్ దగ్గర ముదురు ఎరుపుతో మొదలై, కొండ ఎక్కేకొద్దీ పాలిపోయి, పై స్టాపుల దగ్గర తెల్లగా అయిపోయింది. పొద్దున అక్కడ ఎక్కేవాళ్ళు దాదాపు లేరు, సాయంత్రం దిగేవాళ్ళు అసలే లేరు. ఖాళీ బస్సు కొండ ఎక్కి దిగుతోందని అందరం అనుకున్నాం. పై సగం కోసేశాం. బస్సు కొండ నడుమనున్న ఊరి స్నానశాల దగ్గరే వెనక్కి తిరగసాగింది. మిగిలిన డబ్బుతో కొత్త పట్టణానికి ఎక్స్‌ప్రెస్ వేశాం. దానికి మా విభాగానికి బహుమతి వచ్చింది. ఆ ఫోటోలో నేను కూడా ఉన్నాను, చివర, సగం చెవి మాత్రం.

ఆ శరదృతువులో విభాగమంతా కలిసి కొండ ఎక్కే రోజు వచ్చింది. తాక్ గారి నియమం మీకు తెలుసు: విహారానికి కారులో రాకూడదు. మా విభాగానికి పైనున్న డైరెక్టర్ గారు కూడా బియ్యపు కల్లు సీసాలు ఒళ్ళో పెట్టుకుని బస్సులోనే వచ్చారు. ఇళ్ళల్లో చలికాలానికి కిమ్చి పచ్చడి పెట్టుకునే రోజులు కాబట్టి బస్సు నిండా క్యాబేజీ మూటలు, ముల్లంగి కట్టలు, వాటి మధ్య మేము. స్నానశాల దగ్గర బస్సు ఆగింది. మేమందరం అలవాటుగా దిగే తలుపు దగ్గర యంత్రానికి కార్డు తాకించి దిగాం. మా వెనక దిగిన కొండవాడ వాళ్ళెవరూ కార్డు తాకించలేదు. యంత్రం కిక్కురుమనలేదు.

మేము మెట్లవైపు నడిచాం. తాక్ గారు మాత్రం రోడ్డు మీదే ఆగిపోయి, క్యాబేజీ మూట దించుకుని ఊపిరి పీల్చుకుంటున్న ఒకావిడ దగ్గరకు వెళ్ళారు.

"అవ్వా, దిగేటప్పుడు కార్డు తాకించలేదేం?"

"ఇంకో బస్సు ఎక్కేదుంటే తాకిస్తా, చార్జీ మళ్ళీ పడకుండా. ఇంటికి పోయేదాన్ని, ఆ డబ్బాతో నాకేం పని?"

"పొద్దున మార్కెట్‌కి కూడా ఈ బస్సులోనే వెళ్ళారా?"

"దిగడానికి కాళ్ళున్నాయి కదమ్మా. ఎక్కడానికే బస్సు. ఇప్పుడు ఎక్కడానికీ కాళ్ళే చాలన్నాడట, ఆఫీసులో కూర్చున్న మహానుభావుడెవడో."

మహానుభావులం ఎనిమిది మందిమి ఆవిడ చుట్టూ నిలబడి ఉన్నాం. (నవ్వులు) తాక్ గారు నవ్వలేదు. మూట ఒకటి ఎత్తి భుజాన పెట్టుకున్నారు. ఆవిడ ఎత్తాక మేము ఊరికే నడవలేం కదా. ఆ రోజు శిఖరం చూడలేదు. క్యాబేజీలు మోసి, చెమటతో దిగివచ్చాం.

ఆ తరువాతి సోమవారం ఆఫీసులో జరిగినది చెప్పడానికి నిన్న డైరెక్టర్ గారి అనుమతి అడిగాను. ఆయన కిటికీలోంచి వాన చూసి, "చెప్పు, కొంచెం తగ్గించి చెప్పు" అన్నారు. తగ్గించే చెబుతున్నాను. వచ్చే ఏడు చడీచప్పుడు లేకుండా నాలుగు ట్రిప్పులు పెంచుదామని, దాన్ని సేవను మెరుగుపరచడం అందామని, తప్పు జరిగిందని బయటపెడితే వచ్చిన బహుమతి కూడా నవ్వులపాలవుతుందని ఆయన అన్నారు. అది పిరికితనమని నేననను. ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళు కూడా మనవాళ్ళే, దాన్ని ఆపేస్తారేమోనని ఆయన భయం.

తాక్ గారు గొంతు పెంచలేదు.

"మెరుగుపరిచాం అంటే లెక్క తప్పని ఎవరికీ తెలీదు సార్. రేపు ఇంకో కొండని అదే లెక్కతో కోస్తారు. అప్పటికి నేనుండను."

నగరసభలో ఆవిడ ఒక్క పేజీ చదివారు. దిగేటప్పుడు కార్డు తాకించని వాళ్ళను మా పటం లెక్కపెట్టలేదు, ఆ తప్పు మాదే, కొండవాడ వాళ్ళది కాదు అన్నారు. పటం గీసింది నామ్‌గుంగ్ అన్న అయినా ఆయన పేరు ఎత్తలేదు, పటం కింద సంతకం నాది అన్నారు. అన్నా, మీరు తల దించుకోకండి, ఆవిడ చూస్తున్నారు. ఆ చలికాలం పదోన్నతుల జాబితాలో ఆవిడ పేరు లేదు. విభాగాధిపతి అయినప్పటి గది నుంచే ఈ రోజు వెళుతున్నారు. దాని గురించి ఆవిడ నాతో ఒక్కసారే మాట్లాడారు, అదీ ఆ గదిలో కిటికీ పెద్దది అని.

కొండవాడకు ఈ డిసెంబరు వరకు తాత్కాలికంగా ఒక చిన్న బస్సు నడుస్తోంది. ఆ తరువాత దాన్ని నిలబెట్టడానికి రవాణా సుంకంలో కొంత వాటా కావాలి. ఆ సుంకం కట్టింది కొత్త పట్టణం వాళ్ళు. వాళ్ళ నివాసుల సంఘం సమావేశానికి తాక్ గారు వెళ్ళారు, సంచి మోయడానికి నేను వెంట వెళ్ళాను. మా డబ్బు మా బస్సుకే అన్న బ్యానర్ కింద మాకు కుర్చీలు వేశారు. ఒక పెద్దాయన లేచి, ఈసారి మా బస్సు కోసి వాళ్ళకిస్తారా అని అడిగారు. ఆవిడ జవాబు నేను అప్పుడే రాసుకున్నాను.

"మీ బస్సు జోలికి రాను. అది ఒక్క ట్రిప్పు తగ్గినా నాకు ఫోన్ చేసి తిట్టండి. మీకు నా నంబరు తెలుసు. కొండమీద బస్సు పోయినప్పుడు ఒక్క ఫోన్ రాలేదు. ఎవరిని తిట్టాలో వాళ్ళకి తెలీదు. ఫోన్ రాలేదు కాబట్టి అవసరం లేదనుకున్నాను. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి, అది అడగడానికే వచ్చాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మరునాటికి బ్యానర్లన్నీ దిగిపోయాయని చెబితే బాగుండేది. మూలనున్న బ్లాకుది ఒక్కటి దిగింది. అదైనా గాలికి పడిపోయిందేమో నాకు తెలియదు. (నవ్వులు)

గూక్ గారూ, ఈ ప్రతిపాదన మీ సంఘం ముందుకు వచ్చి రెండుసార్లు వాయిదా పడింది. ఎన్నికలు, వరదలు, కారణాలు ఉన్నాయి. ఈ రోజు పని మాటలు వద్దని మా ఆఫీసులో నాకు చెప్పారు. కానీ ఆవిడ గురించి మాట్లాడుతూ ఆ బస్సు గురించి మాట్లాడకుండా ఉండటం ఎలాగో నాకు చేతకాలేదు. క్షమించండి. (గూక్ గారు చేత్తో కానివ్వమంటారు.)

ఇంకొక్క విషయం. పౌరులు తగినన్ని సంతకాలతో అర్జీ తెస్తే నగరసభ దాన్ని గడువులోగా తేల్చి తీరాలి, వాయిదా వేయడానికి లేదు. అలాంటి సంతకాలు ఉద్యోగులమైన మనం సేకరించకూడదు. పోయిన వారం తాక్ గారు, అర్జీలు తీసుకునే కిటికీ వెనకనున్న నా బల్ల దగ్గరకు వచ్చి ఖాళీ అర్జీలు ఒక కట్ట ఇమ్మన్నారు. ఇంకా ఉద్యోగంలో ఉన్నారు కదా, ఇవ్వకూడదేమో మేడమ్ అన్నాను.

"నిజమే. సోమవారం పౌరురాలిగా వస్తా. టోకెన్ తీసుకుంటా. వరసలో ముందుకు పిలిచావంటే ఊరుకోను. సంతకాలు తెచ్చాక ఒక్కొక్కటీ గట్టిగా చూడు యేసల్. తేడా ఉంటే నా మొహం చూడకుండా తిప్పి పంపు. నీ దగ్గర నిలవనిది సభలో నిలవదు."

ఆ చిన్న బస్సు జనవరిలో నడుస్తుందో లేదో నేను చెప్పలేను. అది ఈ ముందు వరుస చేతుల్లో ఉంది. నా చేతిలో ఉన్నది ఆ అర్జీల కిటికీ. దాని వెనక నుంచి నన్ను బదిలీ చేయవద్దని ఈ ఉదయం రాసిచ్చాను. మా అమ్మకు ఇంకా చెప్పలేదు. (నవ్వులు)

ఓపికగా విన్నందుకు అందరికీ, పని మాటలు మాట్లాడనిచ్చినందుకు గూక్ గారికి, తనను పొగడనివ్వనందుకు తాక్ గారికి నా కృతజ్ఞతలు. మేడమ్, సోమవారం జనం ఎక్కువగా ఉంటారు, మీ ముందు చాలామంది ఉండవచ్చు. మీ వంతు వచ్చినప్పుడే పిలుస్తాను.

సెలవు.