ముప్పై ఆరో బొట్టు

బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీ మొదట్లో లక్ష్మవ్వ చాయ్ బండి ఉంది. ఆదివారం పొద్దున అక్కడి రెండు బెంచీలూ నిండుతాయి. ఒకటి జనానికి. రెండోది గంగారాం ఒక్కడికే. మాట్లాడేటప్పుడు అతని చేతులకు చాలా చోటు కావాలి మరి.

గంగారాం ఫోర్ట్‌లో ఒక ఆఫీసులో ప్యూను. ఈ సంగతి అతనొక్కడు తప్ప, వరుస గదుల ఆ చాళ్ అంతా చెబుతుంది.

ఆ ఆదివారం అతని ఒళ్ళో ఒక అట్టపెట్టె ఉంది. అందులో కొత్త మదర్‌బోర్డు. కంప్యూటర్ పెట్టె లోపల పలకలా పరుచుకుని, మిగతా భాగాలన్నింటినీ తన మీద నిలబెట్టుకుంటుందే, అది. తాపీపనివాళ్ళ సంఘం గదిలోని టైపింగు క్లాసు కోసం తెప్పించారు. ఆ క్లాసుకు ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. దసరా మర్నాడు పొద్దున మంగళ స్విచ్చి వేయగానే దాంట్లోంచి పొగ వచ్చింది, అంతటితో ఆగిపోయింది.

మంగళ లక్ష్మవ్వ కూతురు. పన్నెండుమంది ఆడపిల్లలకు ఆ కంప్యూటర్ నేర్పేది ఆమే. లామింగ్టన్ రోడ్డు మెకానిక్ సైదులు బోర్డు తీసి చూసి "లోపల తడి తగిలింది" అన్నాడు. సంఘం పెద్ద రాజమల్లు మేస్త్రికి ఆ ఒక్క ముక్క చాలింది. చాయ్ బండి పిల్ల, చేతిలో చాయ్ గ్లాసు, ఇంకేం తడి ఉంటుంది? "రేపట్నుంచి నువ్వు క్లాసుకు రాకు" అన్నాడు. చచ్చిన బోర్డును సైదులు చుట్టి ఇచ్చిన కాగితంతోనే తెచ్చి బండి మీద పడేశాడు. "నీ చాయ్ చేసిన పని చూసుకో, లక్ష్మవ్వా!"

మూడు వారాలైంది. ఆ పొట్లం చక్కెర డబ్బా వెనక అట్లాగే ఉంది. "నేను చాయ్ ఒలకబొయ్యలే" అని మంగళ చెప్పిన మాట కూడా అట్లాగే ఉంది. రెండింటినీ మేస్త్రి విప్పి చూడలేదు.

కొత్త బోర్డు సోమవారం సైదులు వచ్చి బిగించాలి. గంగారాంకు అది నచ్చలేదు.

"సైదులెందుకు మేస్త్రీ, నేను సచ్చిన్నా?" అన్నాడు పెట్టె మీద తడుతూ. "మొన్న మా ఆఫీసుల గిట్లనే అయింది. పాత కంప్యూటర్. కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చిండు, మెడకు టై, చేతిల సంచి. రెండు గంటలు చూసి, ఇగ లేవదు అన్నడు. నేను చాయ్ ఇయ్యనీకి... అంటే, సాహెబ్‌తోని ఒక ముచ్చట చెప్పనీకి లోపలికి పోయిన. ఓరకంట చూసిన. మూలకు ఒక చిప్పు. దానికి జెర్రి లెక్క కాళ్ళుంటయి చూడు, ఒక కాలు పైకి లేచి ఉన్నది. బొటనవేలు పెట్టి గిట్ల ఒత్తిన. టక్ అన్నది. పీప్ అని కూత పెట్టింది. నడిచింది. గంతే."

"ఇది అయ్యేదే" అన్నాడు రాజమల్లు మేస్త్రి చాయ్ ఊదుకుంటూ.

అనకుండా ఉండాల్సింది. గంగారాంను నమ్మడమంటే ఎడ్లు లేని బండిని ఘాట్ రోడ్డు మీద వదలడమే.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? సాహెబ్ కుర్చీల నుంచి లేచిండు. గంగారాం, ఈ పాత బోర్డు వద్దు, కొత్తది వెయ్, నువ్వే వెయ్యాలె అన్నడు. ఇంజనీరు ఒక బుక్కు తీసిండు, ఇంత లావు. నేను చదవలే. బుక్కెందుకయ్యా, మా తాత ఈ శహరు కట్టిండు, ఇది జానెడు బోర్డు అన్న. స్క్రూలన్నీ గోరుతోనే తీసిన."

"గోరుతోనా!" అన్నాడు యాదయ్య. అతను పాలమూరు నుంచి వచ్చి నెల కాలేదు. బొంబాయిలో ఏది అబద్ధమో ఇంకా తెలియదు.

"చిటికెనవేలు గోరు. కొత్త బోర్డు లోపల పరిచిన. పరిచి ఊకున్ననా? రసమట్టం పెట్టి చూసిన, నూలుపోగంత వాలు లేదు. గుండు దారం వేసి చూసిన. వాలుంటే కరెంటు అంతా ఒక పక్కకే పారుతది, ఇంజనీర్లకు ఇది ఎరుక లేదు. ఇగ కరెంటు ప్లగ్గులు రెండు. ఏది ఎటు పెట్టాలె? ఇంజనీరుకు చెమటలు."

"నల్ల తీగలు నల్ల తీగల పక్కకు రావాలె, నడుమ" అంది మంగళ, గ్లాసులు కడుగుతూనే.

గంగారాం అటు చూడలేదు. "ఆడపిల్లలకు చెప్పే లెక్క అది. నేను నాలికకు తగిలించి చూసిన. ఇది అయిదు వోల్టులు, ఇది పన్నెండు అని రుచి చెప్తది."

"నీ నాలికకు కరెంటు దగ్గర గూడ సిగ్గు శరం లేదన్నమాట" అంది లక్ష్మవ్వ.

బెంచీ నవ్వింది. ఆ నవ్వు తనను మెచ్చుకోవడమే అనుకున్నాడు గంగారాం. ఇరవై ఏళ్ళుగా అట్లాగే అనుకుంటున్నాడు, అందుకే మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు.

"ఇగ మెమరీ. అంటే దాని జ్ఞాపకం. ముప్పై ఆరు చిప్పులు. ఇంజనీరు ఒక్కోదానికి పది నిమిషాలు తీసుకుంటడు, కాలు వంగితే పాయె. నేను పల్లీలు చల్లినట్టు పైనుంచి చల్లిన. ముప్పై ఆరూ ముప్పై ఆరు గూళ్ళల్ల పడ్డయి. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? స్విచ్చి వేసిన. అమ్మమ్మ, ఏం జ్ఞాపకం! టైపిస్టు ఉత్తరం మొదలు పెట్టకముందే కింద సంతకం జాగ వచ్చింది. సాహెబ్ లగ్గం తారీకు మరిచిపోయిండు, అది గుర్తు చేసింది. సాహెబ్ భార్య ఏడ్చుకుంట వచ్చి నాకు దండం పెట్టింది. అది మన గల్లీలు పద్నాలుగూ వరుసపెట్టి చదివింది, ఏ ఖోలీల ఎవరున్నరో పేర్లతోసహా. అందుల ఇద్దరు అప్పటికి ఇంకా పుట్టలే!"

"పుట్టినంక అవే పేర్లు పెట్టిన్రా?" అడిగాడు యాదయ్య.

"పెట్టక తప్పుతదా? కంప్యూటర్ల ఎక్కినంక!"

"నీ పేరు చదివిందా?" అన్నాడు మేస్త్రి.

"మొట్టమొదలు చదివింది. గంగారాంగారు అన్నది."

"అగో, తప్పు చదివింది. ఈ గల్లీల నిన్ను గారు అన్నోడు ఎవడున్నడు?"

"ఎగతాళి చెయ్యి మేస్త్రీ, చెయ్యి. ఇగ విను. ముంగట ఒక బటన్ ఉంటది, టర్బో అంటరు. నొక్కితే వడి పెరుగుతది. ఇంజనీరు వద్దు వద్దు అంటనే ఉన్నడు. నొక్కిన. అది లేచిన వడికి లోపలి ఫ్యాను గాలి ఇంజనీరు టైని మెడకెళ్లి ఊడబీకింది, కిటికీల నుంచి పోయింది. తెల్లారి మహాలక్ష్మి రేసు మైదానంల ఒక గుర్రం మెడకు కనవడ్డది. గుర్రం గెలిచింది! లోపలి గడియారం ఉరుకుతున్నది. నేను బుధవారం నొక్కితిని, భోజనం యాళ్లకు అది శనివారం చూపిచ్చింది. ఆఫీసోళ్ళందరూ టిఫిన్ డబ్బాలు తీసుకొని ఇంటికి పోయిండ్రు. గ్రాంట్ రోడ్ స్టేషన్ల బండ్లు నాలుగు నిమిషాలు ముందే వచ్చినయి, ఆ దినం. కావాలంటే అడుగు."

"ఎవర్ని అడగాలె?"

"బండ్లను అడుగు."

లక్ష్మవ్వ చాయ్ గిన్నె దించింది. "పొయ్యి మీద పాలు గూడ ఇంతగనం పొంగవు, గంగారాం."

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? జపాన్ నుంచి నలుగురు వచ్చిండ్రు. బోర్డులు పుట్టేదే ఆడ. వచ్చి వంగి వంగి దండాలు. నా బొటనవేలు కొలత తీసుకున్నరు. టేపు పెట్టి! ఇగ మా దేశంల చిప్పులన్నీ ఈ కొలతకే చేస్తమన్నరు. మాతోని రా, బంగ్లా ఇస్తం, కారు ఇస్తం అన్నరు. నేనే రానన్న. ఆడ లక్ష్మవ్వ చాయ్ దొరుకుతదా? అటువంటోన్ని నేను ఈడ కూసుంటే, ఈ జానెడు బోర్డుకు సైదులును పిలుస్తరా! ఆడపిల్లలను కంప్యూటర్ ముందు కూసోబెట్టకున్రి అని నేను మొదట్నించి చెప్తున్న. చాయ్ ఒలకబోసి చంపేసింది. ఇది నా చేతికియ్యి మేస్త్రీ. నా చేతి కంప్యూటర్ సావదు."

మంగళ చేతిలో గ్లాసు ఆగింది. మెల్లగా కొంగుకు చెయ్యి తుడుచుకుని వచ్చి బెంచీ చివర నిలబడింది.

మేస్త్రి పెట్టె వంక చూశాడు. గంగారాం కోతలు ఆయనకు తెలుసు. కానీ మనవాడు, సంఘం మనిషి, పిలిస్తే వస్తాడు. పెట్టె ఎట్లాగూ అతని ఒళ్ళోనే ఉంది.

"కాకా, ఇంత చేసినవు. ఆ బోర్డుకు పూజ చెయ్యలేదా?" అని అడిగింది మంగళ.

"చేసే ఉంటడు" అన్నాడు మేస్త్రి. "పెట్టె ముందల అగరుబత్తి తిప్పి, పైన ఒక బొట్టు పెట్టి."

గంగారాంకు అది తగలరాని చోట తగిలింది.

"అగరుబత్తా? పెట్టె పైన బొట్టా? తెలివి లేనోళ్ళు చేసే పని అది! మన తాపీలకు, గుండుకు, రసమట్టానికి దసరా నాడు ఎట్ల చేస్తం? కడిగి, బొట్టు పెట్టి, ముంగట కొబ్బరికాయ కొడ్తం. కంప్యూటర్ ఎక్కువనా? మూత తీసిన. లోపల, ఆ తల్లి ఒంటి మీదనే, నడిమి చిప్పుకు పసుపు పూసిన. ముప్పై ఆరు చిప్పులకు ముప్పై ఆరు కుంకుమ బొట్లు, ఒక్కటి తప్పకుండ. కొబ్బరికాయ సరిగ్గ దాని మీదనే పట్టుకొని కొట్టిన, తొలి నీళ్ళు తల్లికే పడాలెనని. మళ్ళ మూత పెట్టిన. ఎవ్వనికీ తెల్వదు. ఇంత నిష్ఠగ చేసేటోడు బొంబాయిల ఎవడున్నడు చెప్పు!"

"ఎన్నడు చేసినవు కాకా?"

"చెప్పిన గదా, దసరా నాడు!"

"దసరా నాడు ఫోర్ట్ మొత్తం బందు" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. "నువ్వు పొద్దుగాలనే వచ్చి, తాపీల పూజకు అందరికన్న ముందు పోయి అన్నీ సదురుత అని, నా దగ్గర సంఘం గది తాళంచెవి తీసుకున్నవు."

"నేనే గదికాడికి పోయి అరగ్లాసు చాయ్ పోసిన" అంది లక్ష్మవ్వ. "గది తలుపు దగ్గరేసుకొని లోపల ఒక్కడే ఉన్నడు."

గంగారాం చేతులకు మొదటిసారి ఆ బెంచీ మీద చోటు ఎక్కువైంది. "నేను చెప్పేది... మా ఆఫీసుల దసరా వేరే దినం చేస్తరు" అన్నాడు.

యాదయ్య కూడా నమ్మలేదు. నెల తిరక్కముందే అతను బొంబాయి మనిషైపోయాడు.

మంగళ చక్కెర డబ్బా వెనక చెయ్యి పెట్టి పొట్లం తీసింది. బెంచీ మీద పెట్టి కాగితం విప్పింది. పాత బోర్డు. నడిమి చిప్పు మీద ఎండిన పసుపు. కార్డులు గుచ్చే సందుల్లో కొబ్బరి పీచు. వరుసగా నిలబడ్డ నల్ల చిప్పుల మీద ఎర్రెర్రగా బొట్లు.

మేస్త్రి కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "సైదులు ఈ ముచ్చట చెప్పలేదేందే?"

"పోయి అడిగిన. బొట్టు లేని మిషను బొంబాయిల ఏడుందమ్మా, రోజు పది చూస్త అన్నడు."

"మరి నువ్వన్న చెప్పాలె గద!"

"చాయ్ పొయ్యలేదంటే విన్నవా తాతా? ఇది చూపిస్తే, నా నొసట బొట్టు చూసి, నువ్వే పెట్టినవంటుండ్రి."

గంగారాం గొంతు సవరించుకున్నాడు. "ఎవలు పెట్టిన్రో ఏమో! దీనికి నాకు ఏం సంబంధం? బొట్టు ఎవలైన పెడ్తరు."

"అవును, కాకా పెట్టినవి కావు ఇవి" అంది మంగళ. బోర్డు మీదికి వంగి వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. వరుసకు తొమ్మిది. మొదటి వరుస, రెండో వరుస, మూడో వరుస. నాలుగో వరుస చివర్న సైదులు దుకాణం చీటీ అతికించి ఉంది. అక్కడ వేలు ఆపింది. "కాకా ముప్పై ఆరు అన్నడు. ఇవి ముప్పై అయిదే. ఎవరో పని రానోళ్ళు పెట్టిన్రు. లెక్క గూడ రాదు, పాపం. ఒక చిప్పును మరిచిపోయిండ్రు."

గంగారాం మొహం ఎర్రబడింది. రెండు క్షణాలు ఓర్చుకున్నాడు. మూడో క్షణం అతని వల్ల కాలేదు.

"మరిచిపోయేటోన్నా నేను! ఆ చీటీ లేపి చూడు! మొదలుపెట్టిందే ఆ మూల చిప్పు నుంచి, అన్నిటికన్న పెద్ద బొట్టు దానికే పెట్టిన!"

మంగళ గోరుతో చీటీ అంచు లేపింది. దాని కింద ముప్పై ఆరోది. నిజంగానే అన్నింటికంటే పెద్దది.

యాదయ్య బెంచీ మీంచి వంగి చూశాడు.

"పొద్దటి నుంచి నువ్వు చెప్పిన దాంట్ల నిజం ఇదొక్కటే, గంగారాం" అంది లక్ష్మవ్వ.

రాజమల్లు మేస్త్రి లేచి గంగారాం ఒళ్ళోంచి అట్టపెట్టె తీసుకున్నాడు. పసిపిల్లను తీసుకున్నట్టు రెండు చేతులా తీసుకుని మంగళకు ఇచ్చాడు. తర్వాత నడుముకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఆ పెట్టె మీద పెట్టాడు.

"రేపు సైదులు వచ్చినప్పుడు నువ్వు పక్కన నిలబడి చూసుకో బిడ్డా. తాళం ఇగ నీ దగ్గరనే ఉండనీ. నేను..." అని ఆగాడు. నలభై ఏళ్ళుగా గోడలు నిలబెట్టినవాడికి తన మాట తాను కూల్చుకోవడం కొత్త. "నేను ఆ కాగితం ఆ దినమే విప్పాల్సింది" అన్నాడు.

మంగళ తల ఊపింది. తాళంచెవిని కొంగున ముడేసుకుంది.

గంగారాం ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. చూసేసరికి ఫోరస్ రోడ్డు మలుపు దగ్గర ఉన్నాడు, చేతులు కట్టుకుని, మెడ వంచుకుని, మహా వడిగా నడిచి పోతున్నాడు.

"అవ్వా, చూసినవా?" అన్నాడు యాదయ్య. "టర్బో నొక్కిండు!"