బైబిలు కాగితం అతుకు

రజాకార్ల రోజులు. రెజిమెంటల్ బజార్‌లో రేడియో మిస్త్రీ, ఎవరో కొత్త మనిషి తెచ్చిన పాత స్పీకర్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"కోన్ చినిగింది సాబ్. వేళ్లతో నొక్కితే లోపలి తీగచుట్ట గీసుకుంటలేదు. బాగైతది."

"పాత అతుకు సుత ఉంది, చూడు."

మిస్త్రీ చూశాడు. బైబిలు కాగితంతో తానే వేసిన అతుకు. ఇది తమ్ముడి రేడియోది. ఢిల్లీ వార్తలు నలుగురికీ వినిపించాడని రజాకార్లు వెతుకుతుంటే, తమ్ముడు పది రోజులుగా కనబడటం లేదు.

"యాడ దొరికింది సాబ్?"

"బజార్ల కొన్న."

"రేడియో సుత తెస్తే మంచిగుంటుండె. దాని ముందరి ఎర్ర గుడ్డ తీసి..."

"నేను తెచ్చింది స్పీకరే. గుడ్డ ఎర్రదని నీకెట్ల తెల్సు?"

మిస్త్రీ స్పీకర్‌ను బల్ల మీద పెట్టేశాడు. వచ్చినాయన లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"బుగులు పడకు. నీ తమ్ముడు యాప్రాల్‌ల మా ఇంట్ల దాగిండు. కాలికి తూటా తాకింది. అతుకు గుర్తుపట్టినోడే మా అన్న, తోల్కరా అన్నడు."

"రజాకార్లు సుత గిట్లనే చెప్తరు. ఈ అతుకేసిన దినం మా ఇంట్ల ఏమైంది?"

"బైబిల్ల యోబు గ్రంథం చింపినవని మీ అమ్మ మూడు దినాలు నీకు బువ్వ పెట్టలేదంట."

"రెండు దినాలే. వాడెప్పుడూ ఎక్కువే చెప్తడు," అంటూ మిస్త్రీ చెప్పులు వెతుక్కున్నాడు.