పాయింట్ల మూత

(కోరుట్ల. ఇంటి ముందు విప్పిపెట్టిన పాత బుల్లెట్ బండి. మెకానిక్ భాస్కర్, ఆయన భార్య రత్నమాల.)

"...గిది జూడు రత్నా. జూస్తున్నవా?"

"ఏంది, చెత్తనా?"

"పాల పాకెట్ ముక్క. పాయింట్ల నడుమ దొరికింది."

"గాలికి వడ్డదేమో."

"గాలికా? పైన మూత ఉంటది, మూతకు స్క్రూలుంటయి. గాలి స్క్రూలు ఇప్పుతదా?"

"నాకేం ఎర్క. చాయ్ పెట్టాల్నా?"

"వద్దు. ఇటు రా, కూసో. గీ రెండు చిన్న బిళ్లలున్నయి గద, గివే పాయింట్లు. ఇంజిన్ తిరుగుతుంటె అంటుకుంటయి, ఇడుస్తయి. అంటుకున్నప్పుడు కాయిల్‌ల కరెంటు పారుతది. ఇడిసిన గడియల ప్లగ్గుల నిప్పు లేస్తది. నడుమ గీ ముక్క ఉంటే అంటుకునుడే లేదు. కరెంటు లేదు, నిప్పు లేదు. పొద్దుందాక కిక్కు కొట్టినా బండి స్టార్ట్ గాదు."

"ఎన్నిసార్లు చెప్తవు గీ పాయింట్ల ముచ్చట."

"మస్కట్ నౌకరి ఇంటర్వ్యూ నాడు గంటన్నర కొట్టిన. కాలు వాసింది."

"బస్సెక్కి పోతే అయిపోతుండె గద. జగిత్యాల ఎంత దూరం?"

"ఎక్కుదును. నువ్వే గద ఆపినవు. 'ఒక్క నిమిషంల చేస్తవు, నీకంటె మెకానిక్ ఎవడున్నడు' అన్నవు."

"అన్న. బాగైతదనే అన్న."

"ప్లగ్గు మార్చిన. కాయిల్ మార్చిన. వైర్లన్ని ఇప్పిన. ఆఖరికి బస్సెక్కి పొయ్యేసరికి ఏజెంటు ఆఫీసుకు తాళం ఏస్తున్నడు. మస్కట్ గ్యారేజీల ఉన్నది ఒక్కటే మెకానిక్ సీటు. అది మీ తమ్ముడు ప్రేమ్‌సాగర్‌కు పాయె."

"వాని నసీబు."

"నసీబు గాదు. గిది వాడే పెట్టిండు. నా దగ్గరనే పని నేర్చుకున్నడు గద, పాయింట్లు ఏడుంటయో వానికి ఎర్కలేదా?"

"వాన్ననకు. అమ్మ సచ్చినంక నేను సాదినోడు వాడు."

"అంటా. పానా పట్టి నట్లు ఇప్పుడు వానికి గీ చేతులతోనే నేర్పిన. ఇయ్యాల మస్కట్ పోతున్నడు, బస్టాండ్ల దించు బావా అని ఫోన్ చేసిండు. వాన్ని దించుదామనే, గా దినం నుంచి ముట్టని బండి ఇప్పిన. ఏ మొఖంతోని ఫోన్ చేసిండు వాడు?"

"వాడు గాదంటున్న గద. మన ఇంటికి రానేలే."

"ఇంటర్వ్యూకు ముందటి దినం అచ్చిండేమో."

"రాలే. సిరిసిల్లల చిన్నమ్మ ఇంట్ల ఉండె. తెల్లారి అటునుంచి అటే జగిత్యాల పోయిండు. కావాల్నంటే చిన్నమ్మను అడుగు."

"మరెవలు పెట్టిన్రు?"

"నన్నడిగితే?"

"రత్నా, ముందటి దినం పొద్దుగూకంగ పాయింట్లు నేనే సాఫ్ చేసి, గ్యాప్ పెట్టి, మూత బిగిచ్చిన. గందుకే తెల్లారి అన్ని జూసిన గని, మూత మాత్రం తియ్యలే. నా చేతి మీద నాకు గంత నమ్మకం. గాడ పెట్టినోళ్లకు, నేను మూత తియ్యనని ఎర్కుండాలె."

"చాయ్ పెడ్త."

"కూసో. ఆ దినం సెల్లు లైటు పట్టింది ఎవలు?"

"నేనే."

"స్క్రూడ్రైవర్ అందిచ్చింది?"

"నేనే. ఇంక అడుగకు. అది పెట్టింది గూడ నేనే."

"ఏందీ? నువ్వా?"

"ఏదన్న అను. తిట్టు."

"ఏమనాలె? గంటన్నర నా ఎంబడే నిలబడ్డవు. కొంగుతోని నా చెమట తుడిచినవు. గప్పుడన్నా చెప్పబుద్ధి గాలేదా?"

"అయింది. చెప్పలే."

"బయటోడు చేస్తే కొట్లాడుదును. నువ్వు చేస్తే ఏం జెయ్యాలె నేను? పానం మండుతుంది రత్నా."

"తెల్సు."

"ఏం తెల్సు నీకు? ...ఆగు. ఏడ్వకు. పోయినపారి నేను దుబాయ్‌ల ఉన్నప్పుడు ఒక్కదానివి ఎంత గోస వడ్డవో నాకు ఎర్కే. పోవద్దని నోటితోని ఒక్క మాట అంటే ఆగకపోదునా? గిట్ల చెయ్యాల్నా పిచ్చిదానా?"

"గట్ల మాట్లాడకు."

"ఎందుకు మాట్లాడొద్దు? తప్పు నాదే. నీ మనసుల ఏమున్నదో ఒక్కనాడు అడుగలే. సరే పో, ఇద్దరికి చాయ్ పెట్టు. నేను మస్కట్ పోను, గీడనే ఉంట. నువ్వు కోరుకున్నది అదే గద."

"కాదు."

"మరేంది?"

"నువ్వు ఉండాలని పెట్టలే. మా తమ్ముడు పోవాలని పెట్టిన."